జొకోవిచ్ రాకెట్ షాపులో దొరకదు, దొరికేది దాని రంగే

గత ఎండాకాలం ఓ ఆదివారం పొద్దున, మా కాలనీ టెన్నిస్ కోర్టు గేటు దగ్గర ఒకాయన నన్ను ఆపాడు. వాళ్ల పాపకి పద్నాలుగేళ్లు, జిల్లా స్థాయి టోర్నమెంట్లు ఆడుతుంది. "తమ్ముడూ, నువ్వు ఫోన్లు, గ్యాడ్జెట్ల గురించి రాస్తావంట కదా. జొకోవిచ్ ఆడే బ్యాట్ ఏదో చూసి చెప్పు. పాపకి అదే కొనిద్దామనుకుంటున్నా" అన్నాడు. ఫోన్ తీసి స్క్రీన్‌షాట్ చూపించాడు. హెడ్ స్పీడ్ ప్రో, ఆ ఏడాది వచ్చిన కొత్త రంగులో. ఆ డబ్బుకి ఓ మంచి మిడ్-రేంజ్ ఫోన్ వస్తుంది. పైగా రెండు కావాలట. మ్యాచ్ మధ్యలో స్ట్రింగ్ తెగితే చేతిలో ఇంకోటి ఉండాలి కదా.

"అన్నా, జొకోవిచ్ ఆడేది ఇది కాదు" అన్నాను.

ఆయన ఒకసారి నన్ను, ఒకసారి ఫోన్‌ని చూశాడు. "మరి ఫొటోలో ఆయన చేతిలో ఉన్నది ఇదే కదా?"

రంగు ఇదే. రాకెట్ మాత్రం వేరే. ఈ రెండు ముక్కలు వివరించడానికి ఆ రోజు నాకు అరగంట పట్టింది, అయినా ఆయన సగమే నమ్మాడు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే చోట ఈ టెన్నిస్ బ్యాట్ల గోల ఏంటని మీరు అడగొచ్చు. కానీ ఈ కథలో మనకు తెలిసినవన్నీ ఉన్నాయి: స్పెక్ షీట్, రెండేళ్లకోసారి కొత్త జనరేషన్, దానికో కొత్త టెక్నాలజీ పేరు, ఒక బ్రాండ్ అంబాసిడర్. 2012లో ఓప్రా విన్‌ఫ్రే మైక్రోసాఫ్ట్ సర్ఫేస్‌ని తెగ మెచ్చుకుంటూ ట్వీట్ చేస్తే, ఆ ట్వీట్ ఐప్యాడ్ నుంచి వచ్చిందని కిందే కనబడింది. లోకమంతా నవ్వుకుంది. టెన్నిస్‌లో ఇలాంటిది కొన్ని దశాబ్దాలుగా ప్రతి వారం టీవీలో లైవ్‌గా నడుస్తోంది. అక్కడ ఏ యాప్ నుంచి వచ్చిందో చూపించే ట్యాగ్ ఉండదు, అంతే తేడా.

పైన కొత్త రంగు, లోపల పాత బంగారం

దీన్ని 'పెయింట్ జాబ్' అంటారు. ఆటగాడికి ఏళ్ల క్రితం అలవాటైన ఫ్రేమ్ ఒకటి ఉంటుంది. షాపుల్లో దాని అమ్మకం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, లేదా అసలు షాపుకే వచ్చి ఉండదు. కంపెనీ ఆ పాత అచ్చులోనే అతని కోసం కొత్తవి పోస్తూ ఉంటుంది, పైన మాత్రం ఈ ఏడాది మోడల్ రంగు వేసి ఇస్తుంది. ఇలా ప్రొఫెషనల్స్ కోసమే తయారయ్యే ఫ్రేమ్‌లకి 'ప్రో స్టాక్' అని పేరు. పైన పటారం, లోన లొటారం అంటాం కదా, ఇక్కడ రివర్స్. అసలు సరుకు లోపలే ఉంది, పటారం మాత్రం మనకి అమ్ముతున్నారు.

జొకోవిచ్ సంగతే తీసుకోండి. 2009 నుంచి హెడ్ కంపెనీతో ఉన్నాడు. షాపులో దొరికే స్పీడ్ ప్రో తల సైజు 100 చదరపు అంగుళాలు, బరువు స్ట్రింగ్స్ లేకుండా 310 గ్రాములు, స్ట్రింగ్స్ నిలువు 18, అడ్డం 20. ఆయన ఆడేదాని తల 95 చదరపు అంగుళాలు. స్ట్రింగ్స్ 18, 19. సేకరించేవాళ్లు దాన్ని పీటీ113బీ అనే కోడ్‌తో పిలుస్తారు. ఫోన్ల భాషలో చెప్పాలంటే స్క్రీన్ సైజు వేరు, చిప్ వేరు, బ్యాక్ ప్యానెల్ మాత్రం ఒకటే.

ఆండీ ముర్రేది ఇంకా పాత కథ. ఆయన కెరీర్‌లో ఎక్కువ కాలం ఆడింది పీటీ57ఏ అనే ఫ్రేమ్‌తో. దాని వంశం వెతుక్కుంటూ పోతే 1990లలో థామస్ మస్టర్ కాలంనాటి హెడ్ ప్రో టూర్ 630 దగ్గర తేలుతుంది. ఈలోగా అదే రాకెట్ మీద రంగులు మారాయి, రంగులతోపాటు టెక్నాలజీ పేర్లు మారాయి: మైక్రోజెల్, యూటెక్, గ్రాఫీన్. ప్రతి పేరుతోనూ ఒక ప్రకటన, ప్రతి ప్రకటనలోనూ ముర్రే. లోపల అదే పీటీ57ఏ.

నాకు బాగా నవ్వొచ్చేది నడాల్ విషయం. బాబోలా కంపెనీ తన ఏరోప్రో డ్రైవ్‌కి కొన్నాళ్ల తర్వాత కోర్టెక్స్ అని ఒక భాగం చేర్చింది, అదుర్లు తగ్గించడానికట. నడాల్ మాత్రం అది లేని మొదటి వెర్షన్‌నే వదల్లేదు. మరి ప్రకటనలో రెండూ ఒకేలా కనబడాలి కదా? అందుకని ఆయన రాకెట్ మీద కోర్టెక్స్ బొమ్మని పెయింట్ చేసి ఇచ్చారు! ఒకే కెమెరా ఉన్న ఫోన్ వెనక మూడు కెమెరాల స్టిక్కర్ అంటించినట్టు. మనవాళ్లు చవక ఫోన్ల మీద ఇలాంటిది కనబడితే ఎంత ఏకిపారేస్తారో మీకు తెలుసు.

విల్సన్‌లో హెచ్22 అనే ఫ్రేమ్ ఉంది. అది ఒక ప్లేయర్ చేతిలో బ్లేడ్ రంగులో, ఇంకొకరి చేతిలో అల్ట్రా రంగులో కనబడుతుంది. సేకరించేవాళ్లు దాని గురించి ఏళ్ల తరబడి అరిచి గీపెట్టాక, కంపెనీ అల్ట్రా ప్రో పేరుతో దాన్ని మామూలు జనానికీ అమ్మింది.

క్రికెట్ చూసేవాళ్లకి ఇందులో పెద్ద షాక్ ఉండకపోవచ్చు. సచిన్ బ్యాట్ మీద పెద్ద అక్షరాలతో ఎంఆర్ఎఫ్ అని ఉండేది. ఎంఆర్ఎఫ్ టైర్ల కంపెనీ అని, ఆ బ్యాట్‌ని టైర్ల ఫ్యాక్టరీలో చెక్కలేదని గల్లీ పిల్లలకి కూడా తెలుసు. ఆ స్టిక్కర్ ఎవరినీ మోసం చెయ్యలేదు. టెన్నిస్‌లో స్టిక్కర్ వేసేదీ రాకెట్ అమ్మేదీ ఒకే కంపెనీ. ఇబ్బంది అక్కడే.

అసలు వాళ్లెందుకు మారరు?

బద్ధకం కాదు. 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే సర్వీస్‌ని తిరిగి కొట్టేటప్పుడు ఆలోచించే టైమ్ ఉండదు. చెయ్యి దానంతట అదే కదలాలి. పన్నెండేళ్ల వయసు నుంచి లక్షల సార్లు ఊపి ఊపి చేతికి ఒక లెక్క పట్టుబడుతుంది. రాకెట్ ఐదు గ్రాములు మారినా బంతి అర అడుగు బయట పడుతుంది.

ఇక్కడ అసలైన స్పెక్ ఏంటంటే స్వింగ్‌వెయిట్. మామూలు బరువు వేరు, ఇది వేరు. రోకలిని మధ్యలో పట్టుకుని ఊపండి, తర్వాత ఒక చివర పట్టుకుని ఊపండి. బరువు అదే, కానీ రెండోసారి మణికట్టు లాగేస్తుంది. ఆ లాగుడే స్వింగ్‌వెయిట్. షాపు పెట్టె మీద బరువు రాస్తారు, తల సైజు రాస్తారు, ఇది మాత్రం సాధారణంగా రాయరు. ఫోన్ పెట్టె మీద మెగాపిక్సెల్స్ రాసి సెన్సర్ సైజు రాయకపోవడం లాంటిదే.

ప్రో స్టాక్ ఫ్రేమ్‌లు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు చాలావాటికి పిడి కూడా ఉండదు. సన్నటి రెండు కడ్డీలు మాత్రమే బయటికి వచ్చి ఉంటాయి, అందుకే వాటిని హెయిర్‌పిన్ అంటారు. ఆ కడ్డీల మీద ఆటగాడి చేతికి సరిపోయే ఆకారంలో పిడి అచ్చు బిగిస్తారు. పిడి లోపల సిలికాన్ నింపుతారు. తల అంచుల్లో లెడ్ టేప్, అంటే సన్నటి సీసం పట్టీ, అంటిస్తారు. ఇదంతా చేసేది కంపెనీ కంటే ఎక్కువగా కస్టమైజర్లు. 1980లలో ఇవాన్ లెండిల్‌కి వారెన్ బాస్‌వర్త్ చేసేవాడు. తర్వాతి తరంలో నేట్ ఫెర్గూసన్ అనే ఆయన శాంప్రస్‌కి, ఫెదరర్‌కి, జొకోవిచ్‌కి పని చేశాడు. వీళ్ల అసలు విద్య ఏంటంటే సంచిలో ఉన్న ఏడెనిమిది రాకెట్లూ ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు ఉండేలా చూడడం. స్ట్రింగ్ తెగి ఇంకోటి అందుకుంటే మారిన సంగతి చేతికి తెలియకూడదు.

ఇది మనలాంటివాళ్లకి ఎందుకు ముఖ్యమంటే, షాపులో ఒకే మోడల్‌వి రెండు కొని తూకం వెయ్యండి. ఏడెనిమిది గ్రాములు అటూ ఇటూ ఉండడం మామూలే. అదే రంగు, అదే పెట్టె, అదే ధర. పీటీ113బీ దొరకలేదని బాధపడేవాళ్లు ఎంతమందో ఉన్నారు, తమ దగ్గరున్న రెండు రాకెట్ల మధ్య తేడా ఎంతో చూసుకున్నవాళ్లు నాకు ముగ్గురో నలుగురో కనబడ్డారు.

లెక్కపెట్టేవాళ్లు

ఈ గుట్టు అంతా బయటికి లాగింది జర్నలిస్టులు కాదు, సేకరించేవాళ్లు. టీవీలో మ్యాచ్ ఆపి, జూమ్ చేసి, స్ట్రింగ్స్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేది వాళ్లే. షాపు మోడల్‌లో అడ్డం 20 ఉంటే ఇక్కడ 19 ఎందుకున్నాయి? ఫ్రేమ్ గొంతు దగ్గర, అంటే రెండు కడ్డీలు కలిసే చోట, రంధ్రాలు ఆరా ఎనిమిదా? అంచు గుండ్రంగా ఉందా పలకలుగా ఉందా? చిప్‌సెట్ లీకుల కోసం బెంచ్‌మార్క్ లిస్టులు తవ్వే మన బ్యాచ్‌కి వీళ్లు స్వయానా చుట్టాలు.

వీళ్లలో పాత తరం మోజు విల్సన్ ప్రో స్టాఫ్ ఒరిజినల్ మీద. 85 చదరపు అంగుళాల తల, ఇప్పటి పిల్లలకి చూపిస్తే బొమ్మ అనుకుంటారు. శాంప్రస్ తన 14 గ్రాండ్‌స్లామ్‌లూ దాంతోనే గెలిచాడు, చివరిది 2002 యూఎస్ ఓపెన్. ఆ మోడల్ రకరకాల దేశాల్లో తయారైంది కానీ కరీబియన్ దీవి సెయింట్ విన్సెంట్‌లో చేసినవంటే సేకరించేవాళ్లకి ప్రాణం. ఎందుకంటే శాంప్రస్ వాడింది ఆ ఫ్యాక్టరీవే. పిడి అడుగున బట్ క్యాప్ మీద ఉండే చిన్న కోడ్ చదివి ఎక్కడిదో చెప్పేస్తారు. పాత ఐఫోన్ వెనక మోడల్ నంబర్ చూసి ఏ దేశం యూనిటో చెప్పేవాళ్లని చూశాం కదా, అలాగన్నమాట. ఆ ఫ్యాక్టరీది నిజంగా అంత మెరుగ్గా ఆడుతుందా? ఆడినవాళ్లు అవునంటారు. కళ్లకి గంతలు కట్టి ఇస్తే ఎంతమంది పోల్చుకుంటారో చూడాలని నాకు చాలా కోరిక.

ఇంకో రకం ఉన్నారు. వాళ్లకి అచ్చుతో పని లేదు, ఆ రాకెట్ ఆ మ్యాచ్‌లో ఆ చేతిలో ఉందా లేదా అన్నదే ముఖ్యం. నడాల్ పెద్ద టోర్నమెంట్లలో ఆడిన రాకెట్లు వేలంలో లక్ష డాలర్లు దాటి పోయాయి. 2021లో ఫెదరర్ తన రాకెట్లు, బట్టలు, బూట్లు క్రిస్టీస్‌లో తన ఫౌండేషన్ కోసం వేలానికి పెట్టాడు. అది జ్ఞాపకాల వ్యాపారం, అందులో తప్పేం లేదు. అయితే నాకు ఆ మొదటి రకమే ఇష్టం. వాళ్ల పిచ్చిలో ఓ ప్రశ్న ఉంది: ప్రపంచంలోనే బాగా ఆడేవాడు పాతది వదలకపోతే, నాకు కొత్తది ఎందుకు అమ్ముతున్నారు?

ఆ ప్రశ్న మంచిది. దానికి వాళ్లు చెప్పే జవాబుతోనే నాకు పేచీ. వాళ్ల జవాబు ఏంటంటే, "అయితే మనమూ ఆ పాతదే కొందాం."

నేనూ కొన్నా

చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. కొన్నేళ్ల క్రితం విదేశంలో ఉన్న ఓ అమ్మకందారు దగ్గర ప్రో స్టాక్ ఫ్రేమ్ ఒకటి తెప్పించుకున్నా. ఎవరో టూర్ ప్లేయర్ వాడి వదిలేసినదట. పేరు చెప్పలేదు, నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. కస్టమ్స్ బిల్లు చూశాక గుండె గుభేల్‌మంది. పెట్టె విప్పి చేత్తో పట్టుకున్నప్పుడు మాత్రం, కొత్త ఫోన్ ప్లాస్టిక్ కవర్ పీకేటప్పుడు వచ్చే ఆ ఆనందం ఉంటుంది చూడండి, దానికి పదింతలు.

స్ట్రింగ్స్ వేయించి తూకం వేస్తే 362 గ్రాములు. మొదటి పది నిమిషాలు స్వర్గం. బంతి రాకెట్ మీద దూదిలా ఆగి, రాయిలా వెళ్లింది. ఇరవయ్యో నిమిషానికి ప్రతి బంతికీ అర సెకను ఆలస్యం. రెండో సెట్‌కి చెయ్యి లేవలేదు. నాలుగు వారాలు పట్టు వదలకుండా ఆడి, మోచేతి నొప్పి తెచ్చుకుని, రెండు నెలలు కోర్టు మొహం చూడలేదు. డెస్క్ ఉద్యోగం చేస్తూ వారానికి రెండు రోజులు ఆడే నా భుజానికి, రోజుకి నాలుగు గంటలు ఆడే వాడి స్పెక్ ఇచ్చాను. తప్పు రాకెట్‌ది కాదు.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. ఈ మార్కెట్లో పెయింట్ జాబ్‌కి పెయింట్ జాబ్ చేసేవాళ్లు ఉన్నారు. మామూలు షాపు ఫ్రేమ్‌కి నాలుగు మరకలు, రెండు గీతలు, ఒక కోడ్ స్టిక్కర్ పెట్టి ప్రో స్టాక్ అని అమ్మేస్తారు. నాది అసలుదేనని నా నమ్మకం. నమ్మకమే, రుజువు లేదు.

ఫెదరర్ కథ ఎటు తిప్పినా సరిపోదు

ఇదంతా చదివాక "సరే, పాతదే మేలు, అప్‌గ్రేడ్ అంతా బోగస్" అని మీరు తేల్చేస్తే, ఒక్క నిమిషం ఆగండి. ఫెదరర్ ఉన్నాడు.

మొదట శాంప్రస్‌లాగే 85. తర్వాత 90 చదరపు అంగుళాలు. మిగతా అందరూ 95కి, 100కి వెళ్లిపోయినా ఆయన 90 దగ్గరే ఉన్నాడు. 2013 వింబుల్డన్‌లో రెండో రౌండ్‌లోనే స్టాకోవ్‌స్కీ చేతిలో ఓడాడు. ఆ వెంటనే హాంబర్గ్‌కి, గ్‌స్టాడ్‌కి 98 అంగుళాల నల్ల ప్రోటోటైప్ పట్టుకొచ్చాడు. దాని మీద రంగు లేదు, మోడల్ పేరు లేదు. ఒక పెద్ద ఆటగాడు బీటా వెర్షన్‌తో అందరి ముందూ ఆడడం అరుదు. రెండు చోట్లా తక్కువ ర్యాంకు వాళ్ల చేతిలో ఓడి, మళ్లీ 90కి వెళ్లిపోయాడు. చూశారా, పాతదే మంచిదని అప్పుడు చాలామంది అన్నారు. ఆయన ఊరుకోలేదు. 2014 మొదట్లో 97 అంగుళాలతో వచ్చాడు, ఇక దాన్ని వదల్లేదు. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్‌లో నడాల్ ఎత్తుగా లేపిన బంతుల్ని బ్యాక్‌హ్యాండ్‌తో ముందుకొచ్చి కొట్టిన తీరు గుర్తుందా? దానికి ఆ ఏడు అంగుళాలు ఒక్కటే కారణం కాదు, కానీ ఒక కారణం అని నేను నమ్ముతా. నెట్‌కి అవతల నడాల్ చేతిలో మాత్రం బొమ్మ గీసిన కోర్టెక్స్. ఐదు సెట్లు సాగిన ఫైనల్ అది. ఒకడు మారి గెలిచాడు, ఇంకొకడు మారకుండానే అంత దూరం వచ్చాడు.

అసలు మారకపోతే ఏమవుతుందో బోర్గ్ చూపించాడు. 1991లో మోంటే కార్లోలో తిరిగి వచ్చినప్పుడు, అందరూ గ్రాఫైట్‌తో ఆడుతుంటే ఆయన చెక్క రాకెట్‌తో దిగి, జోర్డీ అరెస్ చేతిలో 2-6, 3-6తో ఓడాడు.

ఫెదరర్ కథలో ఇంకో విశేషం ఉంది. విల్సన్ ఆ 97ని ఆర్ఎఫ్97 ఆటోగ్రాఫ్ పేరుతో, ఆయన ఆడేదానికి సరిసమానంగా షాపుల్లో పెట్టింది. స్ట్రింగ్స్ లేకుండానే 340 గ్రాములు. పెయింట్ మోసం లేదు, దాపరికం లేదు. ఏం జరిగింది? నాలాంటివాళ్లు వేలల్లో కొన్నారు, నాలాగే మోచేతులు పట్టుకున్నారు. అదే కుటుంబంలో 315 గ్రాములది కూడా అమ్మారు. 2024లో వచ్చిన ఆర్ఎఫ్ సిరీస్‌లో మామూలు ఆర్ఎఫ్ 01 బరువు 300, ప్రో అన్నది కూడా 320 గ్రాములే. బాబోలా కూడా నడాల్ అసలు స్పెక్‌కి దగ్గరగా 317 గ్రాముల రఫా ఆరిజిన్ తెచ్చింది. మామూలు ప్యూర్ ఏరో 300 గ్రాములు. 17 గ్రాములే కదా అనిపిస్తుంది. ఆ 17 ఎక్కడ ఉన్నాయన్నదే విషయం. రోకలి గుర్తుంది కదా.

కాబట్టి కంపెనీలు అసలుదాన్ని దాచడంలో కొంత న్యాయం ఉందని ఒప్పుకుంటా. జొకోవిచ్ రాకెట్ నిజంగానే షాపులో పెడితే చాలామంది చేతులు పాడవుతాయి. షాపు మోడల్ మనకి మంచిదే కూడా. నా అభ్యంతరం వేరు. మంచిదైతే దాని పేరు మీదే అమ్మండి. ఫోన్ ప్రకటనలో 'ఇది స్క్రీన్ ఇమేజ్ సిమ్యులేషన్ మాత్రమే' అని చీమంత అక్షరాలతోనైనా వేస్తారు. రాకెట్ ప్రకటనలో 'చిత్రంలోని ఆటగాడు వాడేది వేరే ఫ్రేమ్' అని ఒక్క లైన్ వేస్తే ఏం పోతుంది? దాంతోపాటు పెట్టె మీద స్వింగ్‌వెయిట్ రాయాలి, అది కూడా మోడల్‌ది కాకుండా ఆ పెట్టెలో ఉన్న ఆ ఒక్క రాకెట్‌ది. ప్రతి ఫోన్‌కీ ఐఎంఈఐ వేయగలిగినప్పుడు ఇది కష్టమంటే నేను నమ్మను.

ఈలోగా మన చేతిలో ఉన్న ఫోన్ చాలు

స్వింగ్‌వెయిట్ కొలిచే యంత్రం ఖరీదైనది. అయితే ఇంటర్ ఫిజిక్స్‌లో లోలకం చదివాం కదా, అది చాలు. రాకెట్‌ని పిడి చివర ఒక సన్నటి ఆధారం మీద తలకిందులుగా వేలాడదీసి కొద్దిగా ఊపండి. ఫోన్ స్లో-మోషన్‌లో వీడియో తీసి, ఇరవై ఊపులకి ఎంత టైమ్ పట్టిందో చూడండి. మామూలు రాకెట్‌కి 27, 28 సెకన్ల దగ్గర వస్తుంది. దానికి బరువు, పిడి చివర నుంచి బ్యాలెన్స్ పాయింట్ దూరం జోడిస్తే లెక్క తేలిపోతుంది. స్వింగ్‌వెయిట్‌ని పిడి చివర నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర కొలుస్తారు కాబట్టి చివర్లో ఆ సవరణ ఒకటి చెయ్యాలి. స్ట్రింగ్స్ ఎంత బిగువుగా ఉన్నాయో చెప్పే యాప్స్ కూడా ఉన్నాయి. స్ట్రింగ్స్‌ని తడితే వచ్చే శబ్దాన్ని మైక్ వింటుంది, యాప్ టెన్షన్ చెబుతుంది. వీణ తీగ శ్రుతి చూసినట్టే. నా లెక్కలో కొత్త ఫ్రేమ్ కంటే కొత్త స్ట్రింగ్స్ ఇచ్చే తేడా చాలా ఎక్కువ. ముఖ్యంగా పాలిస్టర్ స్ట్రింగ్స్ తెగకపోయినా చచ్చిపోతాయి. తెగేదాకా ఆగేవాళ్లు చచ్చినవాటితో నెలల తరబడి ఆడుతుంటారు.

సరే, ఆ పాప సంగతి. మరుసటి ఆదివారం మా వంటింటి డిజిటల్ తూకం సంచిలో వేసుకుని కోర్టుకి వెళ్లా. పాప దగ్గర అప్పటికే రెండు పాత రాకెట్లు ఉన్నాయి, రెండూ ఒకే మోడల్. ఒకటి 311, ఇంకోటి 322. "ఇది మొదటినుంచీ నాకు నచ్చదు అంకుల్, ఎందుకో చేతికి బరువుగా ఉంటుంది" అని 322ది చూపించింది. తనకి ఎప్పుడో తెలుసు. పెద్దవాళ్లెవరూ అడగలేదంతే. బరువు తియ్యలేం కాబట్టి తేలికదానికి లెడ్ టేప్ కలిపాం. పిడి దగ్గర కొంచెం, తల దగ్గర కొంచెం, బ్యాలెన్స్ కూడా సరిపోయేదాకా. సీసం విషం, అంటించాక చేతులు కడుక్కోవాలి, చిన్న పిల్లలున్న ఇంట్లో టంగ్‌స్టన్ టేప్ వాడడం నయం. రెండింటికీ ఒకే రోజు, ఒకే టెన్షన్‌తో కొత్త స్ట్రింగ్స్ వేయించారు. మొత్తం ఖర్చు కొత్త రాకెట్ ధరలో పదో వంతు కూడా కాలేదు.

నెల తిరిగాక వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. "తమ్ముడూ, తిట్టకు. పాప పుట్టినరోజని ఆ కొత్తది ఒకటి కొనేశా. రంగు చాలా బాగుంది." తిట్టలేదు. నిజంగానే రంగు చాలా బాగుంటుంది. పుట్టినరోజు మర్నాడు పాప మెసేజ్ పెట్టింది, ఆదివారం తూకం తెమ్మని. కొత్తది స్ట్రింగ్స్‌తో 331 వచ్చింది. పాతవి రెండూ 322. చూసి కాసేపు ఆలోచించి, "అయితే వాటికి చెరో తొమ్మిది గ్రాములు కలుపుదామా, దీన్ని పక్కన పెట్టేద్దామా?" అని అడిగింది. మూడింటితోనూ చెరో వారం ఆడి చెప్పమన్నా. ఇంకా రెండో వారంలోనే ఉంది.